సోమవారం రొయ్యలు

నేను ఇంతకు ముందు ఏదీ రాయలేదు. అయిదో తరగతితో చదువాగింది. ఆ తరవాత పెన్ను పట్టిన పాపాన పోలేదు. హయాత్ సార్ ఇంట్లో వంట చేస్తాను. ఈ సంగతి కొంత నా చెవులతో విన్నాను. మిగతాది ఇందుమతమ్మ వంటింట్లో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ చెప్పింది. "ఇంత చదువుకున్నారు, మీరే రాయండమ్మా" అన్నాను. "నేను రాస్తే అది మళ్లీ పేపరయిపోతుంది సంపూర్ణక్కా, నువ్వే రాయి" అంది. తప్పులుంటే మన్నించండి.

డాక్టర్ ఇందుమతికి ఆ రోజు పొద్దుటి నుంచీ ఒళ్లు మండుతూనే ఉంది.

తిరుపతిలో ఎక్కిన బస్సు సగం దారిలో చెడిపోయింది. ఆటో వాడు ఇసుక దారి మొదట్లోనే దింపేసి పోయాడు. ఒళ్లంతా ఉప్పుగాలి, చెప్పుల నిండా ఇసుక, చంకలో ఇటుకంత ఫైలు. ఆ ఫైల్లో ఆమె ఇరవయ్యేళ్ల బతుకుంది. చేపలూ రొయ్యలూ నీళ్లలో ఎట్లా బతుకుతాయి, ఎప్పుడు గుడ్లు పెడతాయి, ఎక్కణ్నించి ఎక్కడికి పోతాయి, ఇదీ ఆమె చదువు. దాని మీద డెబ్బయ్యొక్క పరిశోధన పేపర్లు రాసింది.

చేపల పరిశోధనా సంస్థ ఒకదానికి డైరెక్టరు పోస్టు ఖాళీ అయింది. ఆమెకన్నా తక్కువ రాసినవాళ్లు ఇద్దరు పోటీలో ఉన్నారు. మరునాడు సాయంత్రం అయిదు గంటల్లోగా తిరుపతి ఆఫీసులో అప్లికేషను ఇవ్వాలి. అందులో అన్నీ ఉన్నాయి, ఒక్కటి తప్ప. చదువు చెప్పిన గురువు తన చేత్తో రాసిచ్చిన ఉత్తరం.

ఆ గురువు హయాత్ సార్. ఆయనకు ఎనభై దగ్గర పడుతున్నాయి. రిటైరయ్యాక ఊళ్లో ఉండకుండా ఈ ఉప్పునీళ్ల సరస్సు ఒడ్డున రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. నలభయ్యేళ్ల ఉద్యోగంలో ఆయన రాసిన పేపర్లు తొమ్మిది. "తొమ్మిదేనా!" అని తోటివాళ్లు నవ్వితే, "ఎక్కువే రాశాను" అనేవాడట.

ఇందుమతి వచ్చేసరికి ఆయన అరుగు మీద కూర్చుని గొడుగు కడ్డీ సరిచేస్తున్నాడు.

"సార్, ఉత్తరం..."

"అన్నం తిన్నావా?"

"తిన్నాను సార్. రేపు సాయంత్రమే ఆఖరు. ఉత్తరం..."

"ఏం తిన్నావు?"

ఇందుమతి పళ్లు నూరుకుంది. ఈయన దగ్గర పరిశోధన చేసిన అయిదేళ్లూ ఇంతే. తూర్పు అడిగితే పడమర చెప్పేవాడు. "బిస్కెట్లు" అంది.

ఆయన ఫైలు అందుకుని చేతిలో ఎత్తి బరువు చూశాడు. లోపల గాలికి కిటికీ రెక్క టపటపా కొట్టుకుంటోంది. లేచి వెళ్లి ఆ ఫైలును రెక్కకు ఆనించి పెట్టి వచ్చాడు. రెక్క ఆగింది.

"సార్! అది నా అప్లికేషను!"

"తెలుసు. ఎగిరిపోదులే, గట్టిదే. అందులో ఏముందో నోటితో చెప్పు. నాకు చిన్న అక్షరాలు కనపడవు."

ఇందుమతి గుక్క తిప్పుకోకుండా చెప్పింది. డెబ్బయ్యొక్క పేపర్లు. ఫలానా ఇందుమతి ఇట్లా అన్నది అని తమ పేపర్లలో రాసుకున్నవాళ్లు రెండు వేల పైచిలుకు. అందులో ఒక్క రొయ్యల పేపరు పేరు చెప్పుకున్నవాళ్లే నాలుగు వందల పన్నెండు మంది. బ్రెజిల్లో చెప్పుకున్నారు, వియత్నాంలో చెప్పుకున్నారు.

"వాళ్లలో మన సరస్సుకు వచ్చి చూసినవాళ్లెంత మంది?"

"అది అట్లా చూడరు సార్."

"ఎట్లా చూస్తారు?"

"ఎంత మంది చెప్పుకుంటే అంత ప్రభావం సార్. అప్లికేషనులో 'మీ పరిశోధన ప్రభావం' అని ఒక పేజీయే ఉంది. అందులో రాశాను. ఈ పేపరు చూసే ఉత్తర్వు వచ్చింది, మూడు వారాలకొకసారి మొగ మూస్తున్నారు. ఎంత మంది పేపర్లకు ఉత్తర్వులొస్తాయి సార్?"

మొగ అంటే సముద్రం వచ్చి సరస్సులో కలిసే చోటు. మూయడమంటే ఆ వారమంతా అక్కడ ఎవరూ వల వేయకూడదని.

ఆ రొయ్యల పేపరు కథ ఇది. పదేళ్ల కిందట ఇందుమతి ఇక్కడే ఉండి మూడేళ్లు పని చేసింది. ప్రతి సోమవారం మునిరత్నం అనే అతని పడవెక్కేది. అతను వల వేస్తే పడ్డ రొయ్యల్ని తూచి, కొలిచి, రాసుకునేది. మొదటి సోమవారం పడవ మొగ దగ్గరికి పోయింది. రెండో సోమవారం నడిమడుగుకు. మూడో సోమవారం ఉత్తరాన ఉప్పుగట్టు వైపు. నాలుగో సోమవారం మళ్లీ మొగకు. మూడేళ్లూ గడియారం ముల్లు తిరిగినట్టు అదే వరస. మునిరత్నం పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ వేటగాడు, రొయ్య ఎక్కడుంటే అక్కడికే గదా పోతాడు అనుకుందామె. అంటే రొయ్యే తిరుగుతోంది. ఇరవయ్యొక్క రోజులకొకసారి సరస్సంతా చుట్టి వస్తోంది. ఇంతకు ముందు ఎవరూ ఈ మాట చెప్పలేదు. ఆమె చెప్పింది.

జపాన్ నుంచి ఒకాయన మాత్రం, "ఆటుపోట్లు నడిపే చంద్రుడికి ఇరవై తొమ్మిది రోజులు పడుతుంటే మీ రొయ్యకు ఇరవయ్యొక్కటే ఎందుకమ్మా?" అని అడిగాడట. నీళ్లలో ఉప్పు హెచ్చుతగ్గుల వల్ల అని నాలుగు పేజీల జవాబు రాసింది. ఆయన మళ్లీ అడగలేదు.

"సరే, రాస్తాను" అన్నాడు హయాత్ సార్. "ముందు రాత్రి కూరకు రొయ్యలు తెచ్చిపెట్టు."

"రొయ్యలా?"

"ఈ వారం ఎక్కడుంటాయి నీ లెక్క ప్రకారం?"

ఇందుమతి వేళ్ల మీద లెక్క చూసుకుంది. "మొగ దగ్గర. కానీ ఈ వారం మొగ మూసి ఉంటుంది సార్."

"ఓహో. పోయి మునిరత్నాన్ని అడుగు. ఇంకెక్కడన్నా దొరుకుతాయేమో."

"సార్, నేను ఉత్తరం కోసం వచ్చాను. రొయ్యల కోసం రాలేదు!"

"నువ్వు మొదట వచ్చింది రొయ్యల కోసమే గదమ్మా" అని ఆయన మళ్లీ గొడుగు చేతిలోకి తీసుకున్నాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది ఇందుమతికి. నలభై అయిదేళ్ల మనిషి, పదిమందికి గైడు. కూరగాయల సంచి పట్టుకుని రొయ్యలకు బయల్దేరింది. నేనే ఇచ్చాను సంచి. నా మొహం కూడా చూడలేదు.

మునిరత్నం వాళ్ల ఊరు గుల్లలదిబ్బ. నడిస్తే పది నిమిషాలు. ఒడ్డున పడవలన్నీ ఇసుక మీద బోర్లా పడి ఉన్నాయి. ఒక పడవ నీడలో మునిరత్నం కూర్చుని చిరిగిన వల అల్లుకుంటున్నాడు. పక్కనే అతని భార్య పార్వతమ్మ ఎండుచేపలు తిరగేస్తోంది.

"ఓయమ్మో! మేడమ్మా!" అని లేచాడు మునిరత్నం. "యాడికి పోయినావమ్మా ఇన్నేళ్లు? ఇప్పుడు కూడా పడవెక్కితే వాంతులేనా?"

"మా సార్‌కు రొయ్యలు కావాలంట మునిరత్నం. ఒక కూరకు సరిపడా."

"రొయ్యలా? అదుగో, మా ఆయన్ని అడుగు, పట్టి ఇస్తాడు" అంది పార్వతమ్మ. "పొద్దుటి నుంచి తల పట్టుకోనుండాడు. అది వదిలితే రొయ్యలు పడతాడు."

"నువ్వూరుకో" అన్నాడు మునిరత్నం. "మొగ మూసేసినారమ్మా ఈ వారం. ఎవురో మహానుభావుడు పుస్తకంలో రాసినాడంట. రొయ్యలు తేరు మాదిరి సరస్సు చుట్టూ ఊరేగి మూడు వారాలకోసారి మొగకాడికి వస్తాయంట. ఆ వారం వల వెయ్యకూడదంట."

"ఆ రాసినోడు దొరికితే ఈ చేపల పక్కన పరిచి ఎండబెడతా" అంది పార్వతమ్మ. "అటూ ఇటూ తిప్పి."

ఇందుమతి గొంతు సవరించుకుంది. రాసింది నేనే అనబోయింది. కానీ ఆమె నోట్లోంచి వచ్చింది వేరే మాట. "అది శాస్త్రం పార్వతమ్మా. ఈ ఒక్క వారం వదిలేస్తే గుడ్లున్న రొయ్యలు బతుకుతాయి. వచ్చే వారం అవి ఎట్లాగూ నడిమడుగుకు పోతాయి. అప్పుడు పట్టుకోవచ్చు గదా."

"వచ్చే వారమా?" మునిరత్నం నవ్వాడు. "వచ్చే వారం మొగలో నడికుప్పమోళ్లు వల వేస్తారు. గంపలు గంపలు మోసకపోతారు. ఆ పై వారం తిప్పపాళెమోళ్లు. వాళ్లకీ గంపలే. మొగలో రొయ్య లేంది ఎప్పుడమ్మా?"

"ఉండు ఉండు. అట్లా ఎట్లా? మరి మనం పోయినప్పుడు నువ్వు ఒక వారం మొగ, ఒక వారం నడిమడుగు, ఒక వారం ఉప్పుగట్టు అని తిరిగేవాడివి గదా. రొయ్యలు కదిలినాయనే గదా పోయింది?"

మునిరత్నం ఆమె మొహంలోకి చూశాడు. ఎగతాళి చేస్తోందేమో అనుకున్నాడు పాపం.

"రొయ్యలు కదిలేదేందమ్మా? వంతు కదిలింది."

"ఏం వంతు?"

"మూడూళ్లు గదా మేము. అందరూ ఒకచోటే పడితే కొట్టుకు చస్తారని మా తాతల నాడే పెద్దోళ్లు వంతులు పెట్టినారు. ఒకో వారం ఒకో ఊరికి ఒకో చోటు. సోమవారం సోమవారం మారతాది. వాన కురిసినా, ఇంట్లో పీనుగ లేచినా వంతు మాత్రం ఆగదు. ఒకరి వంతులో ఇంకొకరు వల వేస్తే ఊరు వెలేస్తారు."

ఇందుమతి సంచి పట్టుకుని అట్లాగే నిలబడింది.

"మూడేళ్లు నీ పడవలో వచ్చాను. ఒక్కనాడన్నా చెప్పలేదే?"

"నువ్వు అడగలేదు గదమ్మా. రొయ్య పొడుగెంత, బరువెంత, ఆడదా మగదా, అదే అడిగేదానివి. అడిగినదానికల్లా చెప్పినా. వంతు సంగతి ఈడ పాలు తాగే బిడ్డకు కూడా తెలుసు. నీకు తెలీదని నాకేం తెలుసు?"

ఇక ఎవరూ ఏమీ చెప్పక్కరలేకపోయింది. లెక్కలు ఆమెకు బాగా వచ్చు. ఆమె సోమవారాలన్నీ గుల్లలదిబ్బ వంతులు. ఆమె పేపరు చూసి మొగ మూసిన వారాలన్నీ గుల్లలదిబ్బకు మొగ దొరికే వారాలు. మిగతా రెండూళ్లకూ ఏ లోటూ లేదు. తనను మోసిన ఊరికే దెబ్బ తగిలింది.

"రెండేళ్లుగా మీకు మొగ లేదా?" అని మెల్లిగా అడిగింది.

"లేదమ్మా. ఉప్పుగట్టులో ఏముంటాది, పిత్త పరిగెలు. మడుగులో కాస్త చేప. కూడు పెట్టేది మొగే. కుర్రోళ్లు పడవలు అమ్ముకుని ఫ్యాక్టరీ గేట్లకాడ కాపలాకు పోయినారు. నేను ముసిలోణ్ని, నన్ను గేటుకాడ కూడా పెట్టుకోరు."

"ఇంట్లో పెట్టుకోను నాక్కూడా ఇష్టం లేదు" అంది పార్వతమ్మ. కానీ ఆ మాట అంటూ మొగుడి వీపు మీద అంటిన ఇసుక దులిపింది.

పొద్దుగుంకే వేళకు ఇందుమతి ఖాళీ సంచితో తిరిగి వచ్చింది. అరుగు ఎక్కకుండానే మొదలుపెట్టింది.

"మీకు తెలుసా సార్?"

"తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"ఉత్తర్వు వచ్చిన ఆరు నెలలకు వాళ్లు ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికొచ్చారు. చదివి చెప్పమని."

"ఏడాదిన్నర! ఏడాదిన్నర నుంచి తెలిసి నాకు చెప్పలేదా? ఇట్లా సంచి ఇచ్చి పంపిస్తారా నన్ను?" ఆమె సంచి అరుగు మీద విసిరింది. "మీ పద్ధతులు నాకు ఎప్పుడూ అర్థం కాలేదు సార్. తిట్టొచ్చు గదా! నోటితో చెప్పొచ్చు గదా!"

"రెండుసార్లు ఫోన్ చేశాను. మొదటిసారి మీటింగులో ఉన్నానన్నావు. రెండోసారి వంతుల సంగతి సగం చెప్పానో లేదో, 'భలే ఉంది సార్, దీని మీద ఒక పేపరు రాద్దాం' అన్నావు."

ఆ ఫోను ఆమెకు గుర్తొచ్చింది. ఎయిర్‌పోర్టులో లైనులో నిలబడి మాట్లాడింది.

"ఆ పేపరు మీద రెండో పేరు నాది" అన్నాడు ఆయన. "నేనూ పడవెక్కలేదు. అంకెలు సరిగ్గా కూడాయో లేదో చూసి సంతకం పెట్టాను. సరిగ్గానే కూడాయి."

నేను లోపల పప్పు తాలింపు పెడుతూ చెవులు ఇటే పడేశాను, అబద్ధమెందుకు.

ఇందుమతి మళ్లీ అందుకుంది. ఈసారి నెమ్మదిగా, మీటింగులో చెప్పినట్టు.

"సార్, ఆలోచించండి. ఇప్పుడు ఆ పేపరు తప్పని నేనే చెబితే పోస్టు పోతుంది. దాన్ని పట్టుకుని రాసిన నాలుగు వందల మంది నా మీద పడతారు. నేను మామూలు మనిషిగా వెళ్లి ఉత్తర్వు మార్చండి అంటే ఎవరు వింటారు? అదే డైరెక్టరయితే ఒక్క ఫోనుతో మార్పిస్తాను. ముందు పోస్టు రానీండి. ఆర్నెల్లు. ఆర్నెల్లలో మొత్తం సరిచేస్తాను. వాళ్లకు కూడా అదే మేలు."

ఆ మాటలో అబద్ధమేమీ లేదు. వింటున్న నాకు కూడా నిజమే గదా అనిపించింది.

హయాత్ సార్ లోపలికి వెళ్లాడు. ట్రంకు పెట్టె మూత చప్పుడైంది. రెండు కాగితాలు తెచ్చి అరుగు మీద పక్కపక్కన పెట్టాడు.

ఒకటి ఆమె అడిగిన ఉత్తరం. ఆమె గుల్లలదిబ్బకు పోయినప్పుడే రాసి పెట్టాడు. కష్టజీవి, తెలివిగలది, నిజాయితీపరురాలు అని రాసి ఉంది.

రెండోది పాతది, మడతల దగ్గర పసుపురంగు తిరిగింది. రొయ్యల పేపరు అచ్చేసిన పత్రికకు రాసింది. మేం పొరబడ్డాం, తిరిగింది పడవ, రొయ్య కాదు, ఆ పేపరు వెనక్కు తీసుకుంటున్నాం అని. కింద ఆయన సంతకం. దాని పైన ఇంకో సంతకానికి చోటు వదిలి ఉంది.

"రెండిటి మీదా నా సంతకం ఉంది" అన్నాడు. "ఏది ముందు పోవాలో నీ ఇష్టం."

"సార్, మీరే చెప్పండి."

"ఆర్నెల్లు పస్తున్నా వాళ్లు వంతు తప్పరమ్మా" అని, ఆయన లేచి కాళ్లు కడుక్కోవడానికి పోయాడు.

ఆ పూట రొయ్యలు లేవు. ముగ్గురం పప్పుతోనే తిన్నాం. ఇందుమతమ్మ మారు అన్నం పెట్టించుకుంది.

తెల్లారింది. ఆమె తల దువ్వుకుని, సంచిలో ఒక్క కాగితమే పెట్టుకుని గుల్లలదిబ్బకు పోయింది. "మొగ సంగతి మాట్లాడాలి, నాతో రా" అని మునిరత్నాన్ని లేపింది. "నేనెందుకమ్మా, నాకు వాళ్లతో మాట్లాడడం రాదు" అన్నాడు. "నాకూ రాదు" అంది. ఇద్దరూ మొదటి బస్సెక్కి టౌనుకు పోయారు. ముందు పోస్టాఫీసు ముందు నిలబడింది. కాగితం మీద సంతకం పెట్టింది, జిరాక్సు తీయించింది, అసలుది కవర్లో పెట్టి పత్రికకు పంపింది. ఆ తరవాత జిరాక్సుతో, మొగ మూయమని ఉత్తర్వు ఇచ్చిన ఆఫీసుకు వెళ్లింది.

అక్కడ ఒక కుర్ర ఆఫీసరు ఉన్నాడు. ఆమె పేరు వినగానే లేచి నిలబడ్డాడు.

"మేడం, మీరా! మీ రొయ్యల పేపరు మాకు ట్రైనింగులో చెప్పారు మేడం!"

"అది తప్పండి. ఆ ఉత్తర్వు తీసేయాలి."

ఆఫీసరు కాగితం రెండుసార్లు చదివాడు. "తప్పెట్లా అవుతుంది మేడం? నాలుగు వందల మంది ఒప్పుకున్న పేపరు."

"వాళ్లెవరూ ఇక్కడికి రాలేదు. నేను వచ్చాను. వచ్చి కూడా అడగలేదు. రాసింది నేనే, తప్పు నాదే."

గుమ్మం దగ్గర నిలబడ్డ మునిరత్నం ఆ మాట విన్నాడు.

"మీరు నోటితో చెబితే కుదరదు మేడం" అన్నాడు ఆఫీసరు ఇబ్బందిగా. "ఒక పేపరును కాదనాలంటే ఇంకో పేపరు కావాలి. అచ్చయినది. లేదంటే పెద్దాఫీసరు గారు చూడాలి. ఆయన క్యాంపులో ఉన్నారు."

"ఎప్పుడొస్తారు?"

"ఈ రోజు రావచ్చు. రేపు రావచ్చు."

ఇందుమతి గోడ గడియారం వైపు చూసింది. పదిన్నర. ఇప్పుడే సార్ ఇంటికి పోయి ఫైలు తీసుకుని పన్నెండు గంటల బస్సు పట్టుకుంటే అయిదు లోపు తిరుపతి చేరొచ్చు.

బయటికి వచ్చింది. వరండాలో ఉన్నది ఒకే బల్ల. ఒకవైపు పాత ఫైళ్లు గుట్టగా పేర్చి ఉన్నాయి, రెండోవైపు మునిరత్నం కూర్చుని ఉన్నాడు. అతను ఆమె వైపు చూడలేదు. భుజం మీది తువ్వాలు తీసి దులిపి మళ్లీ వేసుకున్నాడు. చాలాసేపు నేలకేసి చూస్తూ కూర్చున్నాడు. ఆమె అట్లాగే నిలబడింది.

తరవాత అతను కాస్త పక్కకు జరిగాడు.

ఆమె కూర్చుంది.